నిలబడితే కనబడతాయి

మాఘమాసం చివరికొచ్చేసరికి మన అడవులు పలచబడతాయి. టేకు ఆకులు రాలి దారంతా పరుచుకుంటాయి. మోదుగ చెట్టుకు పూలే తప్ప ఆకు ఉండదు. బూరుగు కొమ్మలు బోసిపోయి, వాటి చివర్ల ఎర్రటి పూలు దోసిళ్లలా విచ్చుకుంటాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లిపోయాక, ఉగాది ఎండలు ముదరకముందు దొరికే ఈ నాలుగైదు వారాలు అడవిలో చిన్న ప్రాణులను చూడటానికి చాలా మంచి కాలం. వానాకాలమంతా ఆకు చాటున దాక్కున్నవి ఇప్పుడు బోసికొమ్మల మీద బయటపడతాయి. ఇంకో నెల పోతే పొద్దెక్కీ ఎక్కకముందే అన్నీ నీడకు చేరిపోతాయి.

అయినా అడవికి వెళ్లొచ్చినవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట, "ఏమీ కనబడలేదండీ" అని. పులి కనబడలేదు, జింక కనబడలేదు అని వాళ్ల ఉద్దేశం. వాళ్ల భుజం పక్కనున్న కొమ్మ మీదే పచ్చటి పసిరిక పాము ఒకటి లేత తీగలా పడుకుని ఉండి ఉంటుంది. కాలి కింద ధూళిలో చీమ కోసం గుంట తవ్విన పురుగు ఉండి ఉంటుంది. నల్లమలలో ఏళ్ల తరబడి తిరిగినా పెద్దపులి కనబడకపోవచ్చు. చిన్నవి అలా కాదు, వెళ్లిన ప్రతిసారీ కనబడతాయి. చూడటం మనకు రావాలి, అంతే.

ఏకాగ్రత కోసం కళ్లు మూసుకోమని చెప్పే పుస్తకాలు చాలా ఉన్నాయి. కళ్లు తెరుచుకుని చేసే సాధన కూడా ఒకటుంది, ఈ అధ్యాయం దాని గురించి. దీనికి దట్టమైన అడవే కావాలని లేదు. హైదరాబాద్‌లో ఉంటే కేబీఆర్ పార్కు చాలు. కొంచెం దూరం వెళ్లగలిగితే మూసీ పుట్టిన అనంతగిరి కొండలున్నాయి. విశాఖవాళ్లకు కంబాలకొండ, చిత్తూరు వైపువాళ్లకు తలకోన, తిరుపతివాళ్లకు శేషాచలం మెట్లదారి ఉన్నాయి. ఇవేవీ అందుబాటులో లేకపోతే ఊరి చివర గుట్ట, చెరువు గట్టు మీద తుమ్మలు, కాలేజీ వెనక ఎవరూ పట్టించుకోని చెట్ల జాగా సరిపోతాయి.

మొదట నేర్చుకోవాల్సింది ఆగడం. మార్నింగ్ వాక్ అలవాటున్నవాళ్లకు ఇదే కష్టం. అడుగుల లెక్క చెప్పే గడియారం చేతికి ఉంటే ఇంకా కష్టం. మనిషి నడుస్తూ వస్తుంటే చుట్టుపక్కల ప్రాణులన్నీ బిగుసుకుపోతాయి, లేదంటే తప్పుకుంటాయి. మనం ఒక చెట్టుకు ఆనుకుని కదలకుండా నిలబడితే కొంతసేపటికి వాటి పని అవి మొదలుపెడతాయి. ముందు ఉడుత దిగుతుంది. తర్వాత పిట్టలు. ఇంకాస్త ఓపిక పడితే పక్క బండ మీదికి తొండ ఎక్కి తల ఎగరేస్తుంది. పది పన్నెండు నిమిషాలైనా కదలకుండా నిలబడలేని మనిషికి అడవి తలుపు తీయదని నా గట్టి నమ్మకం. కిలోమీటర్లు తిరిగినవాడి కంటే పూసిన మోదుగ చెట్టు కింద అరగంట నిలబడ్డవాడు ఎక్కువ చూస్తాడు.

వేళ కూడా ముఖ్యమే. పొద్దు పొడిచిన తర్వాత రెండు గంటలు పిట్టలవి. ఆ సమయంలో బల్లులు, తొండలు, సీతాకోకచిలుకలు పెద్దగా కనబడవు. వాటి ఒంటికి సొంత వేడి లేదు, ఎండ తగిలి వెచ్చబడితేనే కదలగలవు. ఎనిమిది, ఎనిమిదిన్నర దాటాక అవి బయటికొస్తాయి. అందుకే తెల్లవారగానే వెళ్లి ఎనిమిదికల్లా తిరుగుముఖం పట్టేవాళ్లు సగం అడవినే చూస్తారు. మంచు పడ్డ ఉదయమైతే బయల్దేరగానే ముందు గడ్డిలోకి వంగి చూడండి. నేల మీద పల్చటి తెల్ల గుడ్డ ఆరేసినట్టు గూళ్లు కనబడతాయి, ఒక మూలన గరాటులా లోపలికి పోయే రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రం నోట్లో సాలీడు కాచుకుని ఉంటుంది. ఎండ ఎక్కి మంచు ఆరితే ఆ గూళ్లు అక్కడే ఉన్నా కంటికి ఆనవు.

ఈ కాలంలో చెవి కంటికి చాలా సాయం చేస్తుంది. ఎండుటాకుల మీద ఎవరు నడిచినా చప్పుడవుతుంది, ఆ చప్పుడును బట్టే ఎవరో చెప్పొచ్చు. చిటపటమని చిన్నగా పరుగెత్తి, ఆగి, మళ్లీ పరుగెత్తితే అది నలికిరో తొండో. ఒకేచోట ఆకులు ఎగిరెగిరి పడుతూ, మధ్యలో కీచుకీచుమనే తగువు వినబడితే ఏడెనిమిది బాబ్లర్ పిట్టల గుంపు ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటోందన్నమాట. ఆగకుండా, ఒకే తీరుగా, జరజరమని సాగిపోయే చప్పుడైతే మీరున్నచోటే ఉండి అది వెళ్లేదాకా చూడండి, పాము కావచ్చు. పైనుంచి టుక్ టుక్ టుక్ అని గంటల తరబడి రాగిచెంబు మీద సుత్తి దెబ్బల్లాంటి శబ్దం వస్తుంటే అది కంసాలి పిట్ట. చిలకపచ్చ ఒళ్లు, నుదుటి మీద ఎర్రబొట్టు. కూస్తూ తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం ఎటునుంచి వస్తోందో అంతుపట్టదు. దాన్ని వెతకాల్సింది గుబురులో కాదు, ఆకు లేని చెట్టు చిటారు కొమ్మన. పొద్దున్నే అక్కడ కూర్చుని ఎండ కాచుకుంటుంది. ఇది గూడు కట్టే కాలం కూడా. ఎండిన కొమ్మకు అడుగు వైపున గుండ్రటి కన్నం కనబడితే కాసేపు ఆగండి, అందులోంచి ఎర్ర నుదురు బయటికి రావచ్చు.

ఇక గుర్తుపట్టడం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పిట్ట కనబడగానే పుస్తకమో ఫోనో తెరుస్తారు. తలెత్తేసరికి పిట్ట ఉండదు, చూసిందీ గుర్తుండదు. పేరు తర్వాత దొరుకుతుంది, ముందు పిట్టను చూడండి. ఎంత ఉంది? పిచ్చుకంతా, గోరింకంతా, కాకంతా? ముక్కు పొట్టిదా, వంపు తిరిగిందా? తోక ఎలా ఉంది? అన్నిటికంటే ముఖ్యం, ఏం చేస్తోంది? రంగును చివరికి వదిలేయండి. నీడలో ఒకలా, ఎండలో ఒకలా కనబడి మనిషిని మోసం చేసేది రంగే.

తలపై జుట్టున్న కూకుడు గువ్వను చూసి వడ్రంగి పిట్ట అనుకునేవాళ్లు చాలామంది. తలను వదిలేసి పనిని చూస్తే ఆ పొరపాటు జరగదు. కూకుడు గువ్వ నేల మీద నడుస్తూ పొడవాటి ముక్కుతో మట్టిలో గుచ్చి గుచ్చి పురుగులు తీస్తుంది. వడ్రంగి పిట్ట మానును కరుచుకుని, తోకను ఊతగా ఆన్చి, నిటారుగా పైకి పాకుతుంది. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఇక జీవితంలో తడబడరు.

పూసిన మోదుగ దగ్గర నిలబడితే తేనెపిట్టలు తప్పక వస్తాయి. బొటనవేలంత పిట్ట, కొడవలిలా వంగిన ముక్కు. నీడలో బొగ్గులా నల్లగా ఉండి, ఎండ పడగానే నీలం, ఊదా కలిసి మెరిస్తే అది ఊదారంగు తేనెపిట్ట మగది. పొట్ట పసుప్పచ్చగా ఉండి వీపు ముదురు ఎరుపైతే అది వేరే జాతి తేనెపిట్ట, దాని నడుము మీద ఊదా మెరుపు ఉంటుంది. మరి పొట్ట పసుపుగానే ఉండి, గొంతు నుంచి కిందికి మధ్యలో నల్లటి చార ఒక్కటే ఉంటే? అది మొదటి జాతి మగదే, ఇంకా పెళ్లిబట్టలు వేసుకోలేదు. జతకట్టే కాలం రాగానే ఆ చార పెరిగి ఒళ్లంతా నల్లబడుతుంది. ఒకే చెట్టు దగ్గరికి వారం వారం వెళితే ఆ మార్పు మీ కళ్ల ముందే జరుగుతుంది.

ఆకు రాలిన చెట్టు నడిమధ్యన పచ్చటి గుబురు ఒకటి కనబడితే అది బదనిక. దాని పళ్ల కోసం తేనెపిట్ట కంటే చిన్నది, ముక్కు పొట్టిది, బూడిద రంగుది, ఎనిమిది సెంటీమీటర్లు మాత్రమే ఉండే పిట్ట ఒకటి వస్తుంది. ఇంగ్లిషు పుస్తకాల్లో దాన్ని ఫ్లవర్‌పెకర్ అంటారు. మన దేశంలోని అతి చిన్న పిట్టల్లో అదొకటి. పండు తిన్నాక జిగురు విత్తనాన్ని కొమ్మకు రుద్ది వదిలించుకుంటుంది, ఆ విత్తనం అక్కడే మొలుస్తుంది. చెట్టు మీద చెట్టు ఎలా మొలిచిందో చిన్నప్పుడు మనకెవరూ చెప్పలేదు. ఈ పిట్టను చూస్తే తెలుస్తుంది.

బూరుగు పూల దగ్గర మరో హడావిడి. గులాబీ ఒళ్లు, నల్లటి తల, రెక్కలు ఉన్న గోరింకలు గుంపులు గుంపులుగా దిగితే అవి రోజీ స్టార్లింగులు. మధ్య ఆసియాలో పుట్టి చలికాలం మన దగ్గర గడిపి ఏప్రిల్‌లో తిరిగి బయల్దేరతాయి. వెళ్లేముందు వాటికి మన బూరుగు, మోదుగ పూలు దారిబత్తెం. వాటిని ఈ ఏడాది చూడాలంటే ఇదే సమయం.

గుర్తుపట్టడంలో అసలైన పరీక్ష పెట్టేవి సీతాకోకచిలుకలు. నల్లటి రెక్కలు, వెనక రెక్క మీద తెల్ల మచ్చలు, అంచున ఎర్ర మచ్చలు ఉన్న పెద్ద సీతాకోకచిలుక ఒకటి మెల్లగా, తొందర లేకుండా ఎగురుతూ కనబడుతుంది. దాని పేరు కామన్ రోజ్. ఈశ్వరి తీగ ఆకులు తిని పెరిగినది కాబట్టి ఒంటి నిండా విషం. ఒకసారి నోట పెట్టి ఊసేసిన పిట్ట మళ్లీ దాని జోలికి రాదు. అందుకే దానికి ఆ తీరిక. మన కరివేపాకు చెట్టు మీద గుడ్లు పెట్టే కామన్ మోర్మన్‌కు అలాంటి విషమేమీ లేదు. మగది నల్లటి రెక్కల మీద తెల్లటి మచ్చల వరసతో మామూలుగా ఉంటుంది. ఆడవాటిలో కొన్ని మాత్రం అచ్చం కామన్ రోజ్ రెక్కలు తొడుక్కుంటాయి, పిట్టలు భయపడి వదిలేయాలని. రెక్కలు మాత్రమే చూస్తే ఏది ఏదో తేల్చలేరు. అది వాలేదాకా ఆగి ఒంటిని చూడండి. రోజ్ ఒళ్లు ఎర్రగా ఉంటుంది, మోర్మన్ ఒళ్లు నల్లగా ఉంటుంది. రెక్కలను అంత బాగా దిద్దుకున్న ప్రాణి ఒంటి రంగును మాత్రం మార్చుకోలేదు. ఈ తేడాను మొదటిసారి మీరే పట్టుకున్నప్పుడు కలిగే ఆనందం చెబితే తెలిసేది కాదు.

వాగులు ఎండిపోతున్న ఈ రోజుల్లో తడి ఇసుక ఎక్కడ మిగిలిందో వెతుక్కుంటూ వెళ్లండి. ఆ తడి మీద సీతాకోకచిలుకలు పదులకొద్దీ వాలి మట్టిలోని లవణాలు పీల్చుతుంటాయి. అక్కడ చేరేవి ఎక్కువగా మగవే. మామూలుగా చేతికందని వేగంతో ఎగిరేవి కూడా అక్కడ మిమ్మల్ని పట్టించుకోవు. నీడ వాటి మీద పడకుండా కింద కూర్చుంటే చాలు.

చీమను అనుకరించే సాలీడును వెతకడం నాకు చాలా ఇష్టమైన పని. తూర్పు కనుమల్లో, కోస్తా మామిడి తోటల్లో ఆకులను కలిపి కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు మీకు తెలిసే ఉంటాయి. తమ పిల్ల పురుగులను నోట కరుచుకుని, వాటి నుంచి వచ్చే పట్టుదారంతో ఆకులను అతికే చీమలవి. ఆ చెట్టు మీదే, ఆ వరసకు కాస్త దూరంగా, అదే రంగుతో, అంతే సన్నటి నడుముతో ఒకటి తిరుగుతుంటుంది. కాళ్లు లెక్కపెట్టండి. చీమకు ఆరు కాళ్లు, రెండు మీసాలు. దీనికి ఎనిమిది కాళ్లు, మీసాలు లేవు. ఆ లోటు తెలియకుండా ముందరి రెండు కాళ్లు పైకెత్తి మీసాల్లా ఆడిస్తూ నడుస్తుంది. వేలు దగ్గరికి పోనిస్తే చీమ ఎదురు తిరుగుతుంది, ఇదేమో ఆకు అంచు నుంచి దారం వదిలి కిందికి జారిపోతుంది.

చెట్టు మొదట్లో, వాన తగలని మెత్తటి ధూళిలో గరాటు ఆకారంలో చిన్న చిన్న గుంటలు కనబడితే పక్కన గొంతుక్కూర్చోండి. దారి తప్పిన చీమ ఒకటి అంచు మీదికి రాగానే మట్టి జారుతుంది. చీమ పైకి ఎగబాకుతుంటే గుంట అడుగు నుంచి తలతో ఇసుక ఎగజిమ్మి దాన్ని కిందికి పడగొట్టే పురుగు ఒకటి ఉంటుంది. అదే పెరిగి రెక్కలొచ్చాక చూడటానికి తూనీగలా ఉంటుంది. మీసాలు చూస్తే తేడా తెలుస్తుంది. తూనీగ మీసాలు కనబడీ కనబడనంత పొట్టివి, దీనివి పొడవుగా ఉండి చివర్లు లావుగా ఉంటాయి.

పాకే ప్రాణుల విషయంలో మనకు చూపు కంటే ముందు భయం అడ్డొస్తుంది. నున్నగా మెరిసే నలికిరిని నలికండ్ల పాము అని, అది నాకితే చస్తారని చెప్పి కొట్టి చంపేస్తారు. అది పాము కాదు, బల్లి జాతి. మన దేశంలో విషమున్న బల్లి ఒక్కటి కూడా లేదు. రంగు మారిన తొండను చూసి ఊసరవెల్లి అంటారు. ఊసరవెల్లి తోకను చుట్టగా చుట్టుకుంటుంది, ఒక కన్ను ముందుకు, ఒక కన్ను వెనక్కి తిప్పగలదు, అడుగు తీసి అడుగు వేయడానికి ఊగిసలాడుతుంది. తొండకు తోక పొడవు, పరుగు జోరు. పసిరిక పాము కళ్లు పొడుస్తుందన్నది కట్టుకథ. దాని విషం మనిషి ప్రాణం తీసేది కాదు. అలాగని దేన్నీ ముట్టుకోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి ఈ అడవుల్లోనే ఉన్నాయి. చీలమండలు కప్పే బూట్లు వేసుకోండి. రాళ్ల కింద, తొర్రల్లో చేయి పెట్టకండి. దుంగ దాటేటప్పుడు అవతల ఏముందో చూసి అడుగేయండి. పాము కరిస్తే మంత్రాలు, కోతలు, కట్లు ఏవీ వద్దు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

శేషాచలం వెళ్లేవాళ్లకు ఇంకో మాట. అక్కడి బండల పగుళ్లలో బంగారు బల్లి ఉంటుంది. మగదాని గొంతు పసుపు పూసినట్టుంటుంది. ప్రపంచంలో అది బతికేదే తూర్పు కనుమలు, వాటి చుట్టుపక్కల కొండల్లో. లక్షలమంది ఆ కొండ ఎక్కుతారు, దాని సంగతి తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. దారి వదలకుండా, అటవీశాఖ పెట్టిన వేళలు దాటకుండా, గుంపుతోనే నడవండి. పగుళ్లలోకి టార్చ్ కొట్టి వాటిని బెదరగొట్టకండి.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పను. ఎనిమిది రెట్లు చూపే బైనాక్యులర్ ఒకటి, జేబులో పట్టే నోటుపుస్తకం, పెన్సిలు. బైనాక్యులర్‌ను తిరగేసి, కంటికి పెట్టుకునే గాజును పురుగుకు బాగా దగ్గరగా ఉంచి పెద్ద గాజులోంచి చూస్తే అదే భూతద్దమవుతుంది. మొదటి ఏడాది కెమెరా వద్దంటాను. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో కోసం చూస్తాడు, పిట్ట కోసం చూడడు. సలీం అలీ 1941లో వెలువరించిన భారతదేశపు పక్షుల పుస్తకం ఇప్పటికీ మంచి తోడు. కృష్ణమేఘ కుంటే దక్షిణాది సీతాకోకచిలుకల మీద రాసిన పుస్తకం కూడా సంపాదించండి. ఫోన్‌లో పిట్టలకు మెర్లిన్, మిగతా ప్రాణులకు ఐనాచురలిస్ట్ బాగా పనికొస్తాయి. కానీ యాప్ చెప్పేది అంచనా. ముందు మీ నోటుపుస్తకంలో మీరు చూసింది రాయండి, తర్వాత యాప్‌ను అడగండి, రెండూ కలవకపోతే మళ్లీ వెళ్లి చూడండి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతటా జరిగే పిట్టల లెక్కింపులో మన దేశం 2013 నుంచీ పాల్గొంటోంది. పావుగంట లెక్కపెట్టి పంపినా తీసుకుంటారు. కొత్తవాళ్లు చేరడానికి అంతకంటే మంచి సందర్భం ఉండదు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా చెప్పాలి. ఫోన్‌లో పిట్ట కూత మోగించి పిలవకండి. ఇది గూళ్లు కట్టే కాలం, శత్రువు వచ్చాడనుకుని ఆ పిట్ట గూడు వదిలి గాబరాపడుతుంది. గూడు దగ్గర మూగకండి, కొమ్మలు వంచి ఫొటోలు తీయకండి. నక్షత్ర తాబేలు కనబడితే ఇంటికి తెచ్చుకోవాలన్న ఆశ వద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. బీడీ, సిగరెట్ అడవి బయటే వదిలేయండి. ఈ నెలల్లో ఎండుటాకులకు నిప్పురవ్వ చాలు, మీరింతసేపూ చూసినవన్నీ, వాటి గుడ్లతో సహా, కాలిపోతాయి.

పిల్లలుంటే వాళ్లను తీసుకెళ్లండి. వాళ్ల కళ్లు నేలకు దగ్గరగా ఉంటాయి, మనకంటే ముందు వాళ్లకే కనబడతాయి. పేర్లు బట్టీ పట్టించకండి, "ఏం చేస్తోంది?" అని మాత్రం అడగండి.

మీకు దగ్గర్లో పూసిన మోదుగో బూరుగో ఎక్కడుందో ఈ వారంలోనే కనుక్కోండి. వచ్చే ఆదివారం తెల్లవారేసరికి దాని కిందికి చేరండి. ఎనిమిదిన్నర దాటేదాకా ఉండి, కనబడినవన్నీ పేర్లు తెలియకపోయినా రాసుకోండి. తర్వాతి ఆదివారం మళ్లీ అదే చెట్టు దగ్గరికి వెళ్లండి.